డ్యూటీ దిగని మధ్యాహ్నం

నర్సులు ఉద్యోగాలు ఎందుకు మానేస్తారని అడిగేవాళ్ళు జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకుంటారు. పెళ్ళయిందనో, పిల్లలు పుట్టారనో, కువైట్‌లో ఎక్కువిస్తారనో. నన్నడిగిన వాళ్ళకి నేను మూడు రోజుల సంగతి చెబుతాను. విన్నాక వాళ్ళిష్టం.

అప్పుడు నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది పొడుగాటి హాలు లాంటి వార్డు. మధ్యలో చెక్కల అడ్డు. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. ఆ ఉదయం నాతో పాటు ఉండాల్సిన అమ్మాయిని ఐ.సి.యు.లో మనిషి తక్కువని తీసుకుపోయారు. అదేం కొత్త కాదు. అక్కడ తక్కువైతే ఇక్కడి నుంచి తీసుకెళ్ళేవారు. ఇక్కడ తక్కువైతే ఎక్కడి నుంచీ వచ్చేవారు కాదు. వార్డంతా నా ఒక్కదాని మీదే పడింది.

భోజనాల వేళకి మగవాళ్ళ వైపు నుంచి ఒక ఆడమనిషి కేక పెట్టింది. పరిగెత్తాను. తాపీమేస్త్రీ ఒకాయన, జ్వరంతో చేరినవాడు, ఫిట్సొచ్చి మంచమ్మీద కొట్టుకుంటున్నాడు. నోట్లో నురగ. భార్య ఆయన చేతిలో తాళాలగుత్తి పెట్టడానికి ప్రయత్నిస్తోంది. "అదొద్దమ్మా, డ్యూటీ డాక్టర్ని పిలుచుకురా" అని ఆమెని పంపించి, ఆయన్ని పక్కకి తిప్పి, తల నా ఎడమచేతి మీద ఆనించుకుని నోరు శుభ్రం చేస్తున్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక మగగొంతు. "సిస్టర్, మా అమ్మకి సెలైన్ అయిపోయింది."

అతన్ని రెండు రోజులుగా చూస్తున్నాను. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఎవరో నాయకుడి వెనకాల తిరిగే మనిషి. వాళ్ళమ్మ వాంతులూ విరేచనాలతో నీరసించి వచ్చింది. నువ్వులూ ఉలవలూ పండించుకునే రైతు కుటుంబం. ఓపిక వచ్చినప్పుడల్లా ఆవిడ నాతో చేను గురించే మాట్లాడేది.

"రెండు నిమిషాలాగండి. ఇక్కడ ఫిట్సొచ్చింది. సెలైన్ అయిపోతే భయమేం లేదు. గొట్టానికున్న చక్రం కిందకి తిప్పేయండి, నేనొస్తాను" అన్నాను తల తిప్పకుండానే.

"నాకు పని సెప్తన్నావా?" అన్నాడు.

దెబ్బ కుడిచెంప మీద పడింది. చెవిలో గంట మోగినట్టయింది. కళ్ళజోడు ఎగిరి మంచం కిందకి పోయింది. డాక్టరుకి కబురు చెప్పి అప్పుడే గుమ్మంలోకొచ్చిన మేస్త్రీ భార్య కెవ్వుమంది. నాకు ఇప్పటికీ గుర్తున్నదేమిటంటే, నా చేతి మీదున్న తల నేను వదల్లేదు. వదిలితే ఆయన ఊపిరి ఆగుతుంది. అందుకని దెబ్బ తిన్న దాన్ని తిన్నట్టే వంగి ఉండిపోయాను. కొట్టినవాడు ఇంకా వెనకాలే ఉన్నాడో వెళ్ళిపోయాడో కూడా తెలీదు. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను. ఆ వంగి ఉండటాన్ని అతను భయమనుకుని ఉంటాడు.

డ్యూటీ డాక్టరు వచ్చి ఇంజక్షనిచ్చాడు. మేస్త్రీ కుదుటపడ్డాడు. నేను కళ్ళజోడు వెతుక్కుని, ఆడవాళ్ళ వైపు వెళ్ళి ముసలావిడ సెలైన్ సీసా మార్చాను. గొట్టంలో బుడగలు పోయేదాకా గోటితో కొట్టాను. ఆవిడ నా మొహం చూడలేదు. సీసా వంకే చూస్తూ పడుకుంది. కొడుకు వరండాలో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

డ్యూటీ దిగేముందు మేనేజరు కిందకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. మంచినీళ్ళు తెప్పించాడు.

"చూడు సిస్టర్, వాళ్ళు పెద్దవాళ్ళు. ఆయన చాలా హర్ట్ అయ్యాడు. తల్లి మంచమ్మీదుంటే ఎవరికైనా కోపమొస్తుంది కదా. రేపు నీకు ఆఫ్. ఎల్లుండి డ్యూటీ దిగాక ఇక్కడికొచ్చి, ఆయన ముందు ఒక్క సారీ చెప్పెయ్. అయిపోతుంది."

నాకు మొదట అర్థం కాలేదు. "ఆయన నాకు చెప్తాడా?" అనడిగాను.

"లేదమ్మా. నువ్వు ఆయనకి."

"ఎందుకండీ?"

"పిలిస్తే వెళ్ళలేదు కదా. మనది సేవ. ఓర్పుండాలి. మిమ్మల్ని మేం దేవతలంటాం."

నిజమే, అంటారు. ఏటా నర్సుల దినోత్సవానికి స్టేజీ మీద నిలబెట్టి, తలా ఒక గులాబీ ఇచ్చి అదే మాట అంటారు. దేవతకి ఆకలేయదు, కాళ్ళు లాగవు. ఒక వార్డుకి ఒక్క దేవత చాలు. దేవత చెంప మీద కొడితే నెప్పి కూడా ఉండదు కాబోలు. ఆ మంచినీళ్ళు తాగకుండా లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా ఆయన నా చెంప చూసి తువ్వాలు నీళ్ళలో ముంచి తెచ్చాడు. ఆయన భోగాపురం విమానాశ్రయం పనుల్లో ఎలక్ట్రీషియను. సాయంత్రం వచ్చేసరికి ఒళ్ళంతా సిమెంటు ధూళి. కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని, "మానీయే. ఎవుడెవుడి సేతో దెబ్బలు తినాల్సిన కర్మ నీకేటి? నాను సంపాదిస్తన్నాను కదా" అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. ఆ మాట మీద నాకూ ఏడుపొచ్చింది. కానీ పడుకున్నాక ఆలోచిస్తే ఒళ్ళు మండింది. కొట్టినవాడు రేపు మామూలుగా తిరుగుతాడు. అంతా తెలిసిన మేనేజరు మామూలుగా కుర్చీలో కూర్చుంటాడు. దెబ్బ తిన్న నేను మాత్రం ఇంట్లో కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయం? మానేయాలన్న ఆలోచన నాకు అంతకుముందు లేదని కాదు. పీరియడ్ వచ్చిన రోజు బాత్రూంకి వెళ్ళే తీరిక లేక యూనిఫాం పాడైనప్పుడు వచ్చింది. ఇద్దరు పేషెంట్లు ఒకేసారి పిలిస్తే ఎవరి దగ్గరికి వెళ్ళినా రెండోవాళ్ళకి ద్రోహం చేసినట్టనిపించినప్పుడు వచ్చింది. కానీ ఆ ఆలోచన నాది. ఒక తెల్లచొక్కా వాడు నా చేత మాన్పించడం వేరు.

మర్నాడు ఆఫ్ కదాని రైలెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమదాలవలస స్టేషన్లో దిగి ఆటోలో పోతే మా ఊరు. మాది బాప్టిస్టు సంఘం. అమ్మ మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. నన్ను నర్సింగు చదివించాలన్న పట్టు ఆవిడదే. వాకిట్లో చోడిపిండి జల్లిస్తోంది. పక్కన మా సంఘం స్త్రీల సమాజం పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ ముందు చెప్పకూడదనుకున్నాను. అమ్మ నా చెంప చూడగానే జల్లెడ పక్కన పెట్టేసింది. చెప్పక తప్పలేదు.

పెద్దావిడ అంతా విని నిట్టూర్చింది. "ప్రబువు ఏటి సెప్పినాడు? ఒక సెంప మీద కొడితే రెండో సెంప సూపించమన్నాడు. సెమించీ తల్లీ. వాల్లతోటి మనకెందుకు? ఒక మాట సెప్పీసి ఒగ్గీ."

నేనేదో అనబోయాను. అమ్మ ఆగమని చెయ్యెత్తింది.

"వొదినా, నువ్వు సెప్పిన వాక్యం నాకూ తెలుసు. సెమించమన్నాడు. ఇదీ ఎప్పుడో ఒకనాడు సెమిస్తాది, అది దీనికీ దేవుడికీ ఉన్న మాట. గానీ దెబ్బ తిన్నోల్లెల్లి కొట్టినోడికి సెమాపన సెప్పుకోవాలని ఏ వాక్యంలో ఉన్నాదో నువ్వు సూపించు. నాను ఇప్పుడే బైబిలు తెస్తాను."

పెద్దావిడ కాసేపటికి ప్రార్థన చేసి వెళ్ళిపోయింది.

అమ్మ నాకు అన్నం పెట్టి ఎదురుగా కూచుంది. "మానీయాలనుందేటి?" అనడిగింది.

"ఉంది."

"మానీ. వొద్దన్ను. ఆ పని ఎంత కష్టమో నాకు తెల్దా? మీ నర్సులు కాల్లు వాసిపోయి మెట్ల మీద కూలబడిపోతే నానే కాపడం పెట్టీదాన్ని. గానీ తలొంచుకుని మానీకు. తలొంచుకుని ఒకచోట మానేసినోల్లు ఇంకోచోట కూడా తలెత్తలేరు. ముందు నిలబడు. తరవాత ఎల్తావో ఉంటావో నీ ఇష్టం."

సాయంత్రం రైల్లో వస్తూ మా ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోదని పేరు. సారీ చెప్పనని, పోలీస్ స్టేషన్‌కి వెళ్తానని చెప్పాను.

"రేపు డ్యూటీకి రా. మిగతాది నేను చూస్తాను" అంది.

ఏం చూస్తుందో నాకు తెలీలేదు. మర్నాడు ఉదయం మామూలుగానే గడిచింది. మధ్యాహ్నం షిఫ్ట్ వాళ్ళు వచ్చారు. మంచం మంచం దగ్గరా నిలబడి పేషెంట్లని అప్పజెప్పాం. ఇక డ్యూటీ దిగినవాళ్ళు బట్టలు మార్చుకోవాలి. నేను కిందకి, ఆ గదికి వెళ్ళాలి. అప్పుడు ఇన్‌ఛార్జి మేడమ్ మెల్లగా, చాలా మామూలు గొంతుతో అంది.

"డ్యూటీ దిగినవాళ్ళెవరూ ఇంటికెళ్ళొద్దు. పని మానొద్దు, నినాదాలు చెయ్యొద్దు. ఇక్కడే ఉండి పని చెయ్యండి."

పలాస వైపు నుంచి వచ్చిన ఒక చిన్నమ్మాయి ఉండేది మా దగ్గర, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మొన్న ఐ.సి.యు.కి తీసుకుపోయింది దాన్నే. "సమ్మెంటే పని మానాలి కదా మేడమ్, మరి మనం ఎక్కువ పని సేస్తాం ఏటి?" అంది అమాయకంగా.

"మనం మానేస్తే పేషెంట్ల ప్రాణాలతో ఆడుకున్నామని మనల్నే అంటారు. ఉండి చూపిద్దాం" అంది ఆవిడ.

పై అంతస్తు నుంచీ, ఆపరేషన్ థియేటర్ వైపు నుంచీ డ్యూటీ దిగినవాళ్ళు కూడా మా వార్డుకే వచ్చారు. ఆవిడ అందరికీ ముందే చెప్పి ఉంచిందని అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం మా వార్డు ఎలా ఉందో నేను మాటల్లో పెట్టడానికి చాలాసార్లు ప్రయత్నించాను. ఒక సెలైన్ సీసా కూడా ఖాళీ అయ్యేదాకా వేలాడలేదు. పక్షవాతంతో కదల్లేని పెద్దాయన్ని వేళకి తిప్పారు, వీపుకి పౌడర్ రాశారు. తల దువ్వుకోలేని ఆడవాళ్ళకి తలలు దువ్వి జడలేశారు. ఆపరేషనంటే భయపడి రెండు రోజులుగా అన్నం ముట్టని ఒకామె పక్కన ఒక నర్సు కూర్చుని, ఏం చేస్తారో మొదటి నుంచీ చివరిదాకా చెప్పింది. నేను తాపీమేస్త్రీ దగ్గర కూర్చుని, ఆయన మాత్రలు ఏవి ఎందుకో ఆయన భార్యకి చెప్పాను. ఆ పనులన్నీ మాకు నర్సింగ్ స్కూల్లో నేర్పినవే. చేసే తీరిక మాత్రం ఉద్యోగంలో చేరాక ఎన్నడూ దొరకలేదు. నేను చదువుకున్న పని ఇదీ అని, ఆరోజు చేస్తూ ఉంటే గుర్తొచ్చింది. సంతోషం వేసింది. ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది.

పేషెంట్ తాలూకు ముసలాయన ఒకాయన కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. పలాస అమ్మాయిని పిలిచి, "ఏటమ్మా, ఈయేల మంత్రిగోరేటైనా వస్తన్నారేటి? ఇంతమంది దిగినారు?" అనడిగాడు.

"ఎవులూ రాట్లేదు మావయ్యా. రోజూ ఇంతమందిమి ఉండాల. ఉండట్లేదు" అంది ఆ పిల్ల, బి.పి. చూస్తూనే.

ఆ మాట మంచం నుంచి మంచానికి పాకింది. "అయితే రోజూ ఎందుకుండరు?" అని ఒకరు. "ఉంచితే కదా" అని ఇంకొకరు. మేం పని చేసుకుంటూ పోయాం.

నేను ఎంతకీ రాకపోయేసరికి మేనేజరే పైకి వచ్చాడు. వెనకాల తెల్లచొక్కా అతను, అతనితో ఇంకో ఇద్దరు. వార్డు నిండా తెల్ల యూనిఫాంలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది? డ్యూటీ అయిపోయినవాళ్ళు వెళ్ళిపోండి" అన్నాడు మేనేజరు.

"పనుంది సార్" అంది ఇన్‌ఛార్జి మేడమ్. ఆవిడ చేతిలో ఒక పేషెంటుకి తినిపిస్తున్న ఇడ్లీ పళ్ళెం ఉంది. కూర్చున్న చోటినుంచి లేవలేదు.

మేనేజరు నా వైపు తిరిగాడు. "సిస్టర్, కిందకి రా. మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడండి సార్. ఇక్కడే కొట్టాడు కదా" అన్నాను. "నేను ఆయనకి క్షమాపణ చెప్పను. ఇక్కణ్ణుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్తున్నాను."

తెల్లచొక్కా అతను ముందుకొచ్చాడు. "నీ ఉద్యోగం ఉంటాదనుకుంటన్నావా?"

"ఉద్యోగం మాట ఆసుపత్రి వాళ్ళు చూసుకుంటారు. మీరు కొట్టిన దెబ్బ మాట పోలీసులు చూసుకుంటారు" అన్నాను.

అప్పుడు వాళ్ళమ్మ లేచి కూర్చుంది. చేతులు జోడించింది. "అమ్మా, మగోడు తల్లీ, కోపంల సెయ్యిసేసుకున్నాడు. నా ముకం సూసి ఒగ్గీమ్మా."

నిజం చెప్పాలంటే, మొత్తం మీద నన్ను బాగా గాయపరిచింది ఆ మాటే. ఆవిడ చేను కబుర్లన్నీ విన్నాను. ఆవిడ వాంతులు ఎత్తాను. ఆవిడ నా వైపు ఉంటుందని ఏ మూలో ఆశపడ్డాను. దగ్గరికి వెళ్ళి ఆవిడ జోడించిన చేతులు విడదీశాను.

"అమ్మా, మీ మొహం చూసే మొన్న సీసా మార్చాను. మీకు మందులిస్తాను, అన్నీ చేస్తాను, ఏదీ తక్కువ చెయ్యను. ఆయన్ని మాత్రం వదల్ను. మీరు అడక్కండి."

ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మగవాళ్ళ వైపు నుంచి మేస్త్రీ భార్య మాత్రం అడ్డు పక్కనుంచి తొంగిచూసి, "నాను సూసినాను బాబూ. స్టేసన్లో అడిగితే నాను సెప్తాను. మా ఇంటాయన తల ఆయమ్మ సేతిలో ఉన్నప్పుడు కొట్టినాడు" అంది. సాక్షిగా ఉంటావా అని ఆమెని ఎవరూ అడగలేదు. తనంతట తనే అంది.

ఇన్‌ఛార్జి మేడమ్ చెయ్యి కడుక్కుని నాతో ఆటో ఎక్కింది. స్టేషన్లో వాళ్ళు కూడా మొదట రాజీ మాటే ఎత్తారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళని కొడితే చట్టం ఏం చెబుతుందో మాకు తెలుసనీ, కేసు కట్టేదాకా కదలమనీ చెప్పి బల్ల మీద కూర్చున్నాం. చీకటి పడకముందే కట్టారు.

తరవాత అంతా బాగుపడిందని రాస్తే అబద్ధమవుతుంది. వార్డు గుమ్మం దగ్గర ఒక సెక్యూరిటీ మనిషిని పెట్టారు. కొన్నాళ్ళు ప్రతి షిఫ్ట్‌లోనూ ఒక నర్సుని అదనంగా వేశారు, మెల్లగా తీసేశారు. నన్ను తీసెయ్యడానికి ధైర్యం చాలక ఓ.పి.లో టోకెన్లు పిలిచే పనికి మార్చారు. యూనిఫాం వేసుకుని, ఒక్క పేషెంటు నాడి కూడా పట్టకుండా, రోజంతా నెంబర్లు చదవడం. పొమ్మనకుండా పొగబెట్టడమంటే అదే. మా ఆయన, "ఇంకేటికే అక్కడ?" అన్నాడు. "వార్డులోకి తిరిగెళ్ళాకే మానేస్తాను" అన్నాను. మొండితనమనుకున్నాడు. మొండితనమే.

వారం వారం వెళ్ళి అడిగాను. మేనేజరు విసుక్కున్నా అడిగాను. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అందరి ముందూ, "నేను నర్సుని సార్, నన్ను నర్సు పనికి వెయ్యండి" అన్నాను. చివరికి వేశారు. మళ్ళీ ఆ వార్డులోనే, ఆ చెక్క అడ్డు పక్కనే. ఒక వానాకాలమంతా పనిచేశాను. ఆ తరవాత నాకు నచ్చిన రోజున, నోటీసు గడువంతా పూర్తి చేసి, అందరికీ స్వీట్లు పంచి మానేశాను.

పలాస అమ్మాయి నాకన్నా ముందే వెళ్ళిపోయింది. జర్మనీలో నర్సు ఉద్యోగానికని విశాఖపట్నంలో జర్మన్ భాష నేర్చుకుంటోంది. "అక్కా, పిరికిదాన్నయి ఎల్తన్నాననుకుంటన్నావేటి?" అని ఫోన్లో అడిగింది. "పిచ్చిదానా, నువ్వు పనికి విలువిచ్చే చోటు వెతుక్కుంటున్నావు. సిగ్గుపడాల్సింది నిన్ను ఉంచుకోలేనివాళ్ళు" అన్నాను. ఆ పిల్ల లాంటి నర్సుని నేను మళ్ళీ చూడలేదు. వెళ్ళొద్దని చెప్పే హక్కు మాత్రం నాకూ లేదు, ఎవరికీ లేదు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకి వెళ్తున్నాను. మేస్త్రీ భార్య రెండుసార్లు కూలి మానుకుని వచ్చింది. మొన్న కోర్టు ఆవరణలో తెల్లచొక్కా అతని వకీలు దగ్గరికొచ్చి, "ఇంకా ఎన్నాళ్ళమ్మా, అందరికీ శ్రమే కదా" అన్నాడు. "నాకు అలవాటేనండి, నిలబడే ఉద్యోగం" అన్నాను.

ఇప్పుడు శ్రీకాకుళం వైపు ఒక డయాలసిస్ కేంద్రంలో చేస్తున్నాను. ఉద్దానం నుంచి కిడ్నీలు పాడైనవాళ్ళు తెల్లారగట్లే బస్సుల్లో వస్తారు. చేరిన వారంలోనే ఒక ఉదయం రెండో నర్సు రాలేదు. "ఈ ఒక్కరోజుకీ నువ్వే అన్ని మెషీన్లూ చూసుకో" అన్నారు. రక్తం బయటికెళ్ళి లోపలికొచ్చే మెషీన్లవి. ఒక్కరు కళ్ళు తిరిగి పడితే మిగతావాళ్ళని చూసే దిక్కుండదు. నేను చూసుకోగలిగినన్నే మొదలుపెడతాననీ, ఇంకో మనిషిని పంపితే మిగతావి మొదలవుతాయనీ చెప్పాను. అదే మాట వరండాలోకెళ్ళి, కూర్చున్న పేషెంట్లకీ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కొందరు విసుక్కున్నారు. ఒకాయన గట్టిగానే తిట్టాడు. తిట్టనిచ్చాను.

గంటన్నరకి మనిషి వచ్చింది. మిగతా మెషీన్లు అప్పుడు మొదలుపెట్టాం.